అమ్మ ప్రార్థన నూనె రాసిన రాళ్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈరోజు మైకు పట్టుకుని మాట్లాడుతున్న ఈ నాచారం పిల్ల కిందటేడు నలుగురిలో నోరు విప్పలేకపోయేది. పెట్రోలియం ఇంజినీరింగ్‌లో ఎంటెక్ సీటు వచ్చినప్పుడు ఎగిరి గంతేసిన నేను, ప్రాజెక్టు మొదలుకాగానే భయానికి చిక్కాను. కాలేజీకని ఉప్పల్ మెట్రో స్టేషన్ దాకా వెళ్లేదాన్ని, మెట్ల దగ్గర గుండె దడ పట్టుకునేది, చేతులు చల్లబడేవి, ఊపిరాడేది కాదు, మళ్లీ ఆటో ఎక్కి ఇంటికొచ్చి పడుకునేదాన్ని! దవాఖానాలో చూపిస్తే గుండె బాగానే ఉంది, ఇది మనసుకు పట్టిన భయం అని మందులు రాశారు. మందులు వేసుకున్నాను గానీ నా ప్రాజెక్టు చూసే మా సార్ ఫోన్ చేస్తే ఎత్తలేదు, చదువు మానేద్దామనే అనుకున్నాను.

నా ప్రాజెక్టంతా రాళ్ల మీదే. భూమి లోతుల నుంచి తీసిన చిన్న రాతి ముక్కల్లోకి నీరెంత ఇంకుతుంది, చమురెంత ఇంకుతుంది అని చూడాలి, కడిగి ఆరబెట్టాక వాటికి చేతి జిడ్డు కూడా అంటకూడదు. వేరే ల్యాబులో పరీక్ష చేయించుకు రమ్మని సార్ ఇచ్చిన ఆ రాళ్లు, నేను గడప దాటలేక, ఇంట్లో బైబిలు పక్కన డబ్బాలోనే ఉండిపోయాయి.

మా అమ్మ నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన నుంచి వచ్చి, ఆ డబ్బా తెరిచి, ఒక్కో రాయికీ అక్కడ ఇచ్చిన ప్రార్థన నూనె చక్కగా పట్టించింది! చూసి నెత్తి కొట్టుకున్నాను, ఇల్లు దద్దరిల్లేలా అరిచాను. అమ్మ మాత్రం నెమ్మదిగా, "నీ సదువంత ఈ రాళ్లల్లనే ఉన్నదంటివి గద బిడ్డా, అందుకే రాసిన" అంది. నా కోపం అక్కడే నీరుగారిపోయింది, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

అవి పాడైతే వాటి బదులు వేరే రాళ్లు లేవు, ఇక సార్‌కు ముఖం చూపించక తప్పదు. అమ్మ పనికి సెలవు పెట్టి నాతో వచ్చింది, ఉప్పల్ స్టేషన్ మెట్ల మీద నా చేయి పట్టుకుని, జనం చూస్తున్నా లెక్కచేయక, "యేసయ్యా, నా బిడ్డ అడుగు తియ్యలేకపోతున్నది, నువ్వే నడిపియ్యి తండ్రీ" అని గట్టిగా ప్రార్థించింది, ఎలా ఎక్కానో తెలియదు, ఎక్కాను!

మా సార్ మన విశ్వాసం వారు కాదు. అంతా విని చిన్నగా నవ్వి, "నూనెదేముందమ్మా, టొల్యూన్‌తోని కడిగితే పోతది. నువ్వు ఇన్ని దినాలు ఎందుకు రాలే, గది జెప్పు" అన్నారు. సహోదరులారా, అంతకాలం దాచిన భయమంతా ఆ గదిలో చెప్పేశాను.

ఆ రసాయనం చుక్కచుక్కగా పడి రాతిలోంచి నూనెను మెల్లగా బయటికి తెస్తుంటే, ల్యాబులో కూర్చుని, "ప్రభువా, నా లోపలి భయాన్ని కూడా ఇట్లాగే తీసివెయ్యి" అని వేడుకున్నాను. ఒక్క రోజులో పోలేదు, ఇంకా మందులు వాడాను, అమ్మ చాలా రోజులు తోడు వచ్చింది. కానీ పోయింది! పరీక్ష చేసేవారి ఎదుట నిలబడి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను, ఎంటెక్ పూర్తి చేశాను, దేవునికే మహిమ!

మీలో ఎవరైనా భయంతో తలుపు వేసుకుని కూర్చుంటే, ఆయనకు చెప్పండి, పక్కనున్న మనిషికీ చెప్పండి, ఆయన మనుషుల చేత కూడా పని చేయిస్తాడు. మా అమ్మ నూనె రాసింది రాళ్లకు. దేవుడు బాగు చేసింది నన్ను.