గేటు దాకా మర్యాద

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, మార్కాపురంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నన్ను పిల్లల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. అంతకుముందంతా పెద్దల సర్జికల్ వార్డులో చేశాను. కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టడం పెద్దవాళ్ళ జబ్బనీ, పిల్లల జోలికి రాదనీ చాలామంది అనుకుంటారు. అరుదే గాని వస్తుంది. ఎదిగే వయసు, పెద్ద ఆపరేషన్, ఒంట్లో చీము, మెడ సిరలోకి వేసిన గొట్టం, వీటికి తోడు మంచం దిగకపోవడం. ఇవి ఒకచోట చేరితే మేం భయపడతాం. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే, మాట్లాడుతున్న మనిషి మాట్లాడుతుండగానే పోవచ్చు.

కెజియాలో ఇవన్నీ చేరాయి. పద్నాలుగేళ్ళ పిల్ల, కొనకనమిట్ల దగ్గర పల్లె. అపెండిక్స్ పగిలాక తీసుకొచ్చారు. అమ్మానాయనలకు కూలికి పోక తప్పదు గనుక ఆపరేషన్ తర్వాత తోడుగా నాయనమ్మ సువార్తమ్మ ఉండేది. ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డకట్టిందా అని అడగడం మా పద్ధతి. లేదంది. కాన్పయిన కూతురు హఠాత్తుగా పోయిందని మాత్రం చెప్పింది. కడుపు కోసి బిడ్డను తీశాక ఇంటికి తెచ్చుకుని, పచ్చి ఒళ్ళని కాలు కింద పెట్టనివ్వలేదట. ఒక కాలు వాచిందట. ఒకనాడు లేచి పెరట్లోకి నడిచి అక్కడే కూలిపోయింది.

“లేసినందుకే పోయింది సిస్టరమ్మా. నేను రవ్వంతసేపు కన్ను మూసినాను, అది లేసింది. ఈ పిల్లను మాత్రం లేయనీను” అంది.

కాలి వాపు అక్కడ గడ్డకట్టిన గుర్తే. ఆ కూతురు లేచినందుకు కాదు, అన్నాళ్ళు లేవనందుకే పోయి ఉంటుంది. ఆ మాట చెబితే, కూతురి ప్రాణం తీసింది నువ్వేనని తల్లితో అన్నట్టే.

సర్జన్ గారికి చెప్పాను. నెత్తురు గడ్డకట్టే గుణం వంశంలోనే ఉండొచ్చన్నారాయన. కాని ఆపరేషన్ చోట ఇంకా నెత్తురు ఊరుతోంది, గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఇప్పుడే వద్దు, పిల్లను నడిపించండి అని కేస్ షీటులో రాశారు. రాయడానికేం, రాస్తారు! నేను పిల్లను లేపి కూర్చోబెట్టి పక్క మంచం వైపు తిరిగేలోగా సువార్తమ్మ పడుకోబెట్టేసేది.

దీనికి తోడు చూడవచ్చేవాళ్ళు. వాళ్ళ చర్చి సంఘం మొత్తం ఆటోల్లో దిగేది. రోగి లేచి కూర్చుంటే వచ్చినవాళ్ళకు చిన్నతనమట. “అంత దూరం నుంచి వచ్చినారు, ఈ పిల్ల కూర్చోని నవ్వుతా ఉంటే ఏమనుకుంటారు?” అనేది. అందుకని వరండాలో చెప్పుల చప్పుడు వినబడగానే కెజియా కళ్ళు మూసి మూలగాలి. ఎంత బాగా మూలిగేదంటే, ఒకసారి నేనే కంగారుపడి బీపీ చూశాను.

ఒకరోజు పాస్టరమ్మ ప్రార్థన చేసి బయలుదేరింది. సువార్తమ్మ ఆమె వెంట గేటు దాకా వెళ్ళి వచ్చింది. చుట్టాన్ని గుమ్మం దగ్గరే వదిలేయడం ఆమెకు ఇంటావంటా లేదు. నాకు చటుక్కున తట్టింది.

“వాళ్ళు చూడవచ్చేది పిల్లను గదా పెద్దమ్మా. పంపించి వచ్చేది నువ్వా? వాళ్ళేమనుకుంటారు?” అన్నాను.

ఆమె ఇరకాటంలో పడింది. ప్రాణభయం ఒకవైపు, మర్యాద ఒకవైపు. నేను పిల్ల పిక్కలు రెండూ టేపుతో కొలిచి, వాపు లేదని చూపించాను. అప్పటికి గాని మెత్తబడలేదు.

“తలుపు దాకా అయితే పోనీలే. చెయ్యి మాత్రం నేనే పట్టుకుంటా” అంది.

తలుపు దాకా వెళ్ళిన మర్యాద వరండా చివరికీ, తర్వాత గేటుకూ చేరింది. ముందు చుట్టాలు, వెనక కెజియా, సెలైన్ స్టాండు తోస్తూ నేను, కడుపు నుంచి వచ్చే గొట్టం సంచి పట్టుకుని సువార్తమ్మ. చూసినవాళ్ళు ఊరేగింపనుకున్నారు. చుట్టాలు తక్కువైన రోజున పామూరు నుంచి వచ్చిన మేనమామను ఒక్క పూటలోనే నాలుగుసార్లు పంపించాం. గేటు దాటి టీ తాగి మళ్ళీ వచ్చేవాడు. చివరికి, “నన్ను ఉండమంటున్నారా, పొమ్మంటున్నారా? ఏందిది సిస్టరమ్మా?” అని నిలదీశాడు. మరునాడు సర్జన్ గారినే పట్టుకున్నాం. “పోయిరండి సార్” అంటూ కెజియా ఆయన్ను గేటు దాటించింది. ఆయన ఇంకా రెండు వార్డులు చూడాలి. పాపం, మర్యాదకు రోడ్డు మీదికి వెళ్ళి, వెనక దారిన లోపలికొచ్చారు.

నెత్తురు ఊరడం ఆగింది, గొట్టాలు తీశాం, కాళ్ళు వాయలేదు. డిశ్చార్జి రోజు సంచులు సర్దుతూ సువార్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“ఇట్ల నడిపించేదే మంచిదైతే, మా పెద్దపిల్లను నేను పండబెట్టే పోగొట్టుకున్నానా?”

ఆమె తనంతట తానే అక్కడికి చేరుకుంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“కాన్పు చేసి పంపినోళ్ళు, నడిపించమని నీకు చెప్పినారా?” అని అడిగాను.

“ఎవురూ చెప్పలా.”

“అట్లయితే తప్పు నీది కాదు పెద్దమ్మా. చెప్పాల్సింది మేము.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని సంచి అందుకుంది.

రిటైరయ్యేదాకా నా వార్డులో ఒక నియమం పాటించాను. నడిపించమని డాక్టరు రాస్తే, ఎందుకో తోడున్నవాళ్ళకు చెప్పి, వాళ్ళ నోట తిరిగి చెప్పించుకునేదాకా నర్సు ఆ మంచం వదలకూడదు. మేం చెప్పకుండా వదిలేసిన మాటను ఆ ఇంట్లో ఎవరో ఒకరు తమ తప్పుగా మోస్తారు.