కూర్చోకూడని బెంచీ

రిటైరవడానికి ముందు నాలుగేళ్లు నారాయణగూడలో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా పనిచేశాను. కూల్చిన ఇళ్ల కలపతో కొత్త సామాన్లు చేయడం మా పని. కలప రాగానే మేకులు పీకించి, మందాన్ని బట్టి విడదీసి, ఏది దేనికి పనికొస్తుందో సుద్దముక్కతో రాయడం నా బాధ్యత. ఆ విషయంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

ఒక వేసవిలో అశోక్‌నగర్ నుంచి సత్తెమ్మ గారి పాత ఇంటి టేకు వచ్చింది. ఇల్లు అమ్మేసి, ఆవిడా భర్తా చిక్కడపల్లిలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆయనకు పక్షవాతం వచ్చి వాకరుతో నడుస్తున్నారు. గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకోవడానికి బెంచీ కావాలన్నారు.

అన్నిటికంటే మందమైన చెక్క మీద 'సీటు' అని రాశాను. మా మిస్త్రీ రహీం భాయ్ దాన్ని రందా పట్టి నున్నగా చేశాడు. బెంచీ చూడముచ్చటగా కుదిరింది.

నేనూ రహీం భాయ్ దాన్ని ఫ్లాటులో దించాక సత్తెమ్మ గారు దాని మీద కూర్చోలేదు. అంచున ఉన్న పగులులో వేలు పెట్టి చూశారు. రందా అందని లోతులో పసుపు మిగిలి ఉంది.

"సారూ, ఇది మా కడప. నలభై ఏండ్లు పసుపు రాసిన. కడప మీద ఎవరన్న కూసుంటరా?"

నా ముఖం మాడిపోయింది. చిన్నప్పుడు గడప మీద కూర్చుంటే మా అమ్మ వీపు విమానం మోగించేది. రహీం భాయ్‌కి తెలియకపోవచ్చు, సుద్దతో రాసింది మాత్రం నేను.

సీటు మారుస్తానన్నాను. ఈ చెక్కను ఏం చేయాలో ఆవిడకే తోచలేదు.

"మళ్ల కడపకే పెడ్దామంటే ఈయన కాలు లేస్తలేదాయె" అని కళ్లు తుడుచుకున్నారు.

కుర్చీలో ఉన్న ఆయన, మాట ముద్దగా వస్తున్నా, "కాలు లేవకుంటే ఏంది, చెయ్యి లేస్తది గదా" అన్నారు.

ఆ మాట ముందు అందుకున్నది రహీం భాయే. గడపను నిలువునా చీల్చి, గుండ్రంగా చెక్కి, గుమ్మం పక్క గోడకు చేతికందే ఎత్తులో పట్టుకునే కమ్మీగా బిగించాడు. పగులున్న వైపు పైకి ఉంచాడు.

శుక్రవారం కొత్త సీటు బిగించడానికి వెళ్లేసరికి కమ్మీకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఆయన బయటి నుంచి వచ్చి, దాన్ని పట్టుకుని లోపలికి అడుగు వేశారు. పచ్చబడ్డ అరచేతిని భార్యకు చూపించి నవ్వారు. ఆ ఇద్దరూ నాకు ఎంత నచ్చారో చెప్పలేను.

అప్పటి నుంచి వచ్చిన ప్రతి చెక్క మీద, మందం కొలవకముందే, అది ఆ ఇంట్లో ఎక్కడ ఉండేదో అడిగి రాసేవాణ్ణి.