టాప్ లింకు ఎంచుకున్న ఏరువాక

“గా టాప్ లింకు నువ్వే చూసి తే. అన్నకు ఇడిసిపెడితె ఏది లావుగుంటే గది పట్టుకొస్తడు.”

“నువ్వే లేసి తెచ్చుకో. నాకేం ఎరుక?”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. భువనగిరి దవాఖానలో జ్వరం దిగకుండా పడుకొని ఉన్నాడు. పోయే ముందు మనిషి పిల్లల గురించి చెబుతాడంటారు, దేవుణ్ణి తలుస్తాడంటారు. ఈయన ఇనుప కడ్డీ గురించి చెప్పి గోడవైపు తిరిగాడు. తెల్లారేసరికి లేడు. నా మనవరాలు ఈ మాట రాస్తూ నవ్వాలో ఏడవాలో తెలియక నా మొహం చూస్తోంది. నవ్వమన్నాను. నాకు వచ్చిన అక్షరాలు నా పేరుకే చాలవు, అందుకే దాన్ని కూర్చోబెట్టి చెబుతున్నాను.

ఆ కడ్డీ ఏమిటో ముందు చెప్పాలి. ట్రాక్టరు వెనక నాగలిని మూడు చోట్ల పట్టి ఉంచుతారు. కింద రెండు ఇనుప చేతులు, పైన ఒక కడ్డీ. కింది చేతులను నూనె బలంతో ట్రాక్టరే లేపుతుంది, దించుతుంది. పై కడ్డీనే టాప్ లింకు అంటారు. నాగలి ముక్కు ఎంత వంగాలనేది దాని చేతిలో ఉంటుంది. కడ్డీ పొట్టిదైతే ముక్కు వంగి కర్రు లోతుకు దిగుతుంది. పొడుగైతే ముక్కు లేచి కర్రు పైపైన పోతుంది. ఆయన జ్వరపడక ముందు, వానల మీద పండే మా చెలకలో బండకు తగిలి మా పాత కడ్డీ విరిగింది. అప్పటినుంచి ట్రాక్టరు ఖాళీ గొర్ల దొడ్డి పక్కన ఊరికే నిలబడి ఉంది. కోళ్లు దాని సీటు మీద పడుకునేవి.

ఆ పాత ట్రాక్టరును ఆయనా, ఆయన అన్నా మందను అమ్మి కొన్నారు. మా బావకు అది మొదటినుంచీ మింగుడుపడలేదు. పుట్టినప్పటినుంచీ గొర్ల వెంట తిరిగిన మనిషి. దినాలు అయిపోగానే అన్నాడు.

“నడిపెటోడే పాయె. ఇగ గీ ఇనుము ఎవలికి పిల్లా? అమ్మి మళ్ల గొర్లు తెద్దాం.”

 గొర్లు వస్తే కాసేది బావ, అమ్మేది బావ. నేనూ నా ఇద్దరు పిల్లలూ ఆయన వాకిట్లో పెట్టింది తిని బతకాలి. ఆయన చెడ్డవాడు కాడు, పెట్టేవాడే. కానీ పెడితే తినడం వేరు కదా. ట్రాక్టరు ఉంటే మా తమ్ముడు నడుపుతాడు. నలుగురి చేన్లు దున్నితే నా పొయ్యి నేను వెలిగించుకుంటాను.

“ఒక్క చెలక దున్ని చూస్తం బావా. గప్పటిదాంక ఆగు” అన్నాను.

ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. “సరే. ఏరువాకనాడు దున్నితే ఉంటది. దున్నకుంటె అంగట్ల పెడ్త” అన్నాడు.

కడ్డీ కోసం బావా, తమ్ముడూ, నేనూ బస్సెక్కి భువనగిరి పోయాం. గుట్ట కింద సామాన్ల దుకాణం. సేటు రెండు కడ్డీలు తీసి నేల మీద పెట్టాడు. ఒకటి లావుగా, ఏకంగా, ఎంత పొడుగో అంతే. రెండోది సన్నం. దానికి మర ఉంది, నడుమ చేతిపిడి ఉంది. తిప్పితే పెరుగుతుంది, తగ్గుతుంది. బావ లావుదాన్ని రెండు చేతులతో లేపి, పొట్టేలు నడుము చూసినట్టు చూశాడు.

“గిదే. బరువున్నది. మరలున్నది సడలుతది.”

“జర గ్రీజు పెట్టుకుంటె సడలదు” అన్నాడు సేటు. మాలో ఎవరు కొంటారో తేల్చుకోలేక ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఒక రంగుల పుస్తకం తెచ్చి బొమ్మ చూపించాడు. “పరదేశంల గిసొంటిది చేస్తున్నరట. గీ పైకడ్డి సుత నూనెతోనే పెరుగుతది. సీటు మీదికెల్లి దిగే పనే లేదు.”

మా తమ్ముడి కళ్లు మెరిశాయి. “అక్కా, గసొంటిది ఉంటెనా...”

“దిగకుంటె కింద నేల ఎట్లున్నదో నీకెట్ల ఎరుకైతదిరా? గది వచ్చిననాడు చూద్దాం, ముందైతే ఏరువాక రానీ” అన్నాను. సేటు నవ్వాడు.

అప్పుడు బావతో చెప్పాను. “ఎడ్ల నాగలికి కాడితాడు ఎప్పుడన్న ఒక్కతాన్నే కట్టినవా? కర్రు లోతుకు పోతె జరిపి కట్టలే? మన చెలకల ఒక కొసకు మెత్తటి దుబ్బ, ఒక కొసకు జానెడు కిందనే గట్టి మొరం రాళ్లు. గీ లావుది ఎట్ల జరుగుతది?”

బావ లావు కడ్డీని కింద పెట్టాడు.  “మా తమ్ముడు సుత గింతే ఉండె. మాటలతోని మంద తోలుతుండె” అన్నాడు. మర ఉన్న కడ్డీని మా తమ్ముడు భుజాన వేసుకున్నాడు.

ఏరువాకనాడు ట్రాక్టరుకు పసుపు, కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. బావ కొత్త సామాను కదా అని, పసుపు దారం తెచ్చి టాప్ లింకు మర చుట్టూ వరుసగా చుట్టి ముడేశాడు. మేకకైనా, మోటకైనా, మా ఇంట్లో కొత్తది వస్తే అలాగే కడతారు. మొగుడు పోయినదాన్ని కనుక నేను ఎదురు రాకూడదు. అందరూ ముందర నిలబడ్డారు, నేను వెనకాల నిలబడ్డాను. నాగలి ఉండేదీ వెనకాలే. కాబట్టి దాన్ని బాగా చూసింది నేనొక్కదాన్నే.

తమ్ముడు నాగలి దించి బండి కదిలించాడు. దుబ్బ ఉన్నంతసేపు బాగానే పోయింది. మొరం దగ్గరికి రాగానే కర్రు దిగబడి తెల్లటి మొరం పైకి వచ్చింది. ట్రాక్టరు ముందు చక్రాలు లేవబోయాయి. ఇంజను ఆగిపోయింది.

“చెప్పలే నేను?” అన్నాడు బావ.

తమ్ముడు దిగి చేతిపిడి తిప్పాడు. కదల్లేదు. దారం మరలోకి పోయి బిగుసుకుంది. వాడు కొడవలి కోసం చూశాడు.

“ఏయ్, తెంపకు! దున్నుడు ఒడువకముందే దారం తెంపుతరా? ఇల్లుకు కీడు” అని బావ అరిచాడు. తమ్ముడి చేయి ఆగిపోయింది.  అందరూ కడ్డీనే చూస్తున్నారు, నాకేమో ఖాళీ దొడ్లోకి మళ్లీ గొర్లు వచ్చినట్టే కనిపిస్తోంది.

నేను పోయి మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. ముడి విప్పి, గోటితో దారం మెల్లగా, చుట్టు తర్వాత చుట్టు, మర గాడుల్లోంచి లాగాను. వేళ్ల మీద పసుపు, గ్రీజు ఒకటైపోయాయి. మొత్తం దారం చేతికి వచ్చింది. దాన్ని తీసుకుపోయి తమ్ముడు పట్టుకొని తిప్పే స్టీరింగుకు కట్టాను.

“తెగలే బావా. జాగా మారింది, గంతే.”

బావ దారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మా తమ్ముని బుద్ధులన్ని నీకే అంటినయి” అన్నాడు. అంతే అన్నాడు.

నేను పిడి తిప్పి కడ్డీ కొంచెం పెంచాను. తమ్ముడు బండి నడిపాడు. కర్రు మొరం మీదుగా, దాన్ని ముట్టకుండా, ఎర్రమట్టిని మాత్రం తిరగేసుకుంటూ పోయింది. దుబ్బకు వచ్చినప్పుడు ఆపించి మళ్లీ తగ్గించాను. ఎక్కడ తిప్పాలో చూసుకుంటూ సాళ్లన్నీ దాని వెంటే నడిచాను. మధ్యాహ్నానికి ఆముదాలు పెట్టడానికి చెలక తయారైంది.

బావ చెప్పులు విడిచి సాలులో దిగి ఆ కొసనుంచి ఈ కొసదాకా నడిచాడు. మట్టి పిడికిట్లోకి తీసుకొని పిసికి వదిలాడు. గెట్టు మీద పక్క చేను ఆసామి ఒకడు నిలబడి ఉన్నాడు.

“ఏమే పెద్దకాపూ, కిరాయికి ఇస్తవా బండి? నా చెలక సుత దున్నియ్యాలె.”

బావ చేతులు దులుపుకున్నాడు. “నన్నెందుకు అడుగుతవ్? నేను గొర్లోన్ని. గామె ఉన్నది గద, గామెను అడుగు.”

ఆ ఆసామి తలపాగా సర్దుకొని నా వైపు నడిచి వచ్చాడు.

ఇక్కడికి ఆపు బిడ్డా. కలం పక్కకు పెట్టి మొదటికెల్లి చదువు, వింట. ఉరుకకు. బావ చివరికి అన్న మాట మాత్రం రెండుసార్లు చదువు.