అంకె మరచిపోయే పెట్టె

ఇది కరెంటుకూ మనిషికీ మధ్య జరిగిన మహాసంగ్రామం. ఇందులో నిప్పు ఉంది, పొగ ఉంది, ప్రాణాలకు తెగించిన ఇద్దరు వీరులున్నారు. నిజం చెప్పాలంటే నిప్పు తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్‌ది, పొగ సోల్డర్ పేస్టుది. వీరులు 1996లో కరీంనగర్ బస్టాండు వెనక రేడియోలు, టీవీలు బాగుచేసుకునే సలీం భాయ్, నేను. ప్రాణాలకు ఎవరూ తెగించలేదు. అన్నం మాత్రం ఒకపూట చల్లారింది.

వేములవాడ గుడి దారిలో ఎస్టీడీ బూతు నడిపే శంకరమ్మ, ఫోన్ బిల్లు ఎంతైందో చూపే తన కాల్ మీటర్‌ను తువ్వాలలో కట్టుకుని వచ్చింది. జనం ఫోన్లో మాట్లాడుతుండగానే దాని అంకెలు ఆరిపోతున్నాయట.

"మీటర్ల ఏం కనవడ్తలేదు గద, ఏమియ్యాలె అనుకుంట పోతున్నరు తమ్మీ. వారమైతే శివరాత్రి జాతర. గా నాలుగొద్దుల ఫోన్ల మీదనే నాకు ఏడాది గడుస్తది. గీ జాతర పోతే బూతు మూసుడే."

టేబుల్ మీద పెట్టగానే మీటర్ శుభ్రంగా వెలిగింది. రిపేరు షాపు మెట్లెక్కగానే రోగం తగ్గిపోవడం యంత్రాలకు మామూలే. వోల్టేజీ కొద్దిగా తగ్గినప్పుడే అది ఆరిపోతోందని మా అనుమానం. మెల్లగా తగ్గిస్తూ చూడాలి. మా దగ్గరున్న బెంచ్ పవర్ సప్లై, అంటే టేబుల్ మీద కూర్చుని అడిగిన వోల్టేజీ ఇచ్చే పెట్టె, తిప్పే నాబ్ అరిగిపోయి ఉంది. అయిదు దగ్గర ముట్టుకుంటే మూడుకైనా దూకేది, ఏడుకైనా ఎగిరేది.

మాకు కావలసిన సాకు దొరికింది. డిజిటల్ కంట్రోల్ ఉన్న లీనియర్ సప్లై కట్టాలని ఎన్నాళ్ళ నుంచో చేతులు దురద పెడుతున్నాయి. లీనియర్ అంటే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చినదాంట్లో కావలసినంతే బయటికి వదిలి, మిగతాది పవర్ ట్రాన్సిస్టర్ వేడిగా మార్చి ఊదేసే పద్ధతి. డిజిటల్ అంటే నాబ్‌కు బదులు రెండు బటన్లు. ఒక్క నొక్కుకు వోల్టులో పదో వంతు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. కౌంటర్ అనే చిప్ నొక్కులు లెక్కపెడితే, రెసిస్టర్ల నిచ్చెన ఒకటి ఆ లెక్కను వోల్టేజీగా మారుస్తుంది. మెట్లు సమానంగా ఉండాలని డబ్బాడు రెసిస్టర్లు కుమ్మరించి, మల్టీమీటర్ పట్టుకుని బియ్యంలో రాళ్ళలా ఏరాం.

మూడు రోజులాగి శంకరమ్మ మళ్ళీ వచ్చిన రోజే స్విచ్ వేశాం. ఎర్ర అంకెలు 7.2 అని వెలిగాయి. సున్నా దగ్గర కాక అక్కడెందుకు మొదలైందని అడగాల్సింది. సంతోషంలో ఉన్నవాడు ప్రశ్నలడగడు. కిందికి నొక్కి సున్నాకు తెచ్చాం. అక్కడి నుంచి ఒకటి నొక్కితే 0.1. మల్టీమీటర్ కూడా 0.1 అంది. నాకు ఒళ్ళు పులకరించింది. సలీం భాయ్ నా చెయ్యి తోసేసి తను నొక్కాడు. నేను ఆయన చెయ్యి తోసేశాను.

"మీ ఆట అయిపోతే నా మీటర్ సూడుండ్రి," అంది శంకరమ్మ.

అయిదు వోల్టుల బోర్డు అది. క్లిప్పులు దాని పిన్నులకు తగిలించి 5.0 ఇచ్చాం. 4.9. 4.8. 4.7కు రాగానే మీటర్ ఆరిపోయింది. రోగం దొరికిందని సలీం భాయ్ నా వీపు మీద చరిచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మా లైన్ ఒక్కటే పోయిందా, బజారంతా పోయిందా అని ఇద్దరం గడప దగ్గరికి వెళ్ళి చూస్తున్నాం. అంతలోనే వచ్చింది. వెనక్కి తిరిగితే పెట్టె మీద ఎర్రగా 19.3.

నాబ్ అయితే కరెంటు పోయినా ఉన్నచోటే ఉంటుంది. కౌంటర్‌కు ఆ జ్ఞాపకం లేదు, కరెంటు రాగానే తోచిన అంకెతో నిద్ర లేస్తుంది. అయిదు వోల్టుల బోర్డుకు పంతొమ్మిది. ఆమె జాతర, ఆమె ఏడాది, అన్నీ ఆ బోర్డులోనే. కమురు వాసన కోసం ముక్కు ఎగబీల్చాను. రాలేదు. క్లిప్పులు ఖాళీగా పడి ఉన్నాయి. శంకరమ్మ మీటర్‌ను తువ్వాలలో కట్టి ముడి వేస్తోంది.

"గట్ల సూస్తరేంది? కరెంటు లేని దుకాణంల కూసోని ఏం జెయ్యాలె? జగిత్యాల పోయి సూపిచ్చుకుంట."

"వైర్లు నువ్వే తీసినవా అక్కా?"

"తియ్యక, మీ డబ్బా గూడ నెత్తిన వెట్టుకపోదునా?"

సలీం భాయ్ కుర్చీ తుడిచాడు. "కూసో అక్కా. చాయ్ తాగు. రెండు తాగు."

దాచడం ఎందుకని చెప్పేశాను. "గా వైర్లు గట్లనే ఉంటే నీ మీటర్ కాలిపోతుండె అక్కా."

"గందుకే మిమ్ముల నమ్మలే," అంది. కానీ కూర్చుంది.

కౌంటర్ రీసెట్ కాలుకు ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ అతికించాం. కరెంటు ఎప్పుడొచ్చినా సున్నా నుంచే లేవాలని దానికి ఆజ్ఞ. ప్లగ్గు పీకి పెట్టి, పీకి పెట్టి చూశాం. ప్రతిసారీ 0.0. అప్పుడు గానీ శంకరమ్మ ముడి విప్పలేదు.

మళ్ళీ 4.7 దగ్గరే ఆరింది. ఈసారి మల్టీమీటర్‌ను పిన్నుకు అవతల, బోర్డు మీద పెట్టాం. పెట్టె 4.7 పంపుతుంటే బోర్డుకు చేరుతున్నది 4.2. మిగతా అర వోల్టును దారిలో పిన్ను తినేస్తోంది. చూస్తే పచ్చగా చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్దాం. పెట్టెను 4.4 దాకా దించినా మీటర్ రెప్ప వేయలేదు.

జాతరంతా మీటర్ వెలుగుతూనే ఉంది. శంకరమ్మ ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసి, ఎక్కువసేపు మాట్లాడితే బిల్లవుతుందని పెట్టేసింది.

ఎంత పంపామన్నది కాదు, ఎంత చేరిందన్నది కొలవాలని ఆ కేసు నాకు నేర్పింది. మీ ఇంట్లో ఏదైనా వెలుగుతూ ఆరుతూ ఉంటే, ముందు ప్లగ్గు తీసి, పిన్నులు తుడిచి, మళ్ళీ పెట్టండి.