రహీమా ఇంటి కోడికూరకు నేను వేసిన మార్కులు

కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయిన మరుసటి ఏడాది నన్ను ఎల్బీనగర్ ఆఫీసుకు జీవనోపాధి అధికారిగా వేశారు. శరణార్థులకు సాయం చేసే స్వచ్ఛంద సంస్థ మాది. దేశం విడిచి వచ్చిన కుటుంబానికి కొన్నాళ్లు రేషన్ ఇస్తాం, ఈలోగా ఏదో ఒక పని నేర్పిస్తాం. తమ కాళ్ల మీద తాము నిలబడ్డారని అధికారి ఇల్లు చూసి రాస్తే ఫైలు మూసి రేషన్ ఆపేస్తాం. చూసేదీ రాసేదీ నేనే. పై మేనేజరు సంతకం పెడతాడు, అంతే.

రహీమా బర్మా నుంచి వచ్చింది. భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది రెండో తరగతి, చిన్నది చంకలో. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలకు ఫాల్స్ కుట్టిచ్చేది. ఫలానా రోజు ఇల్లు చూడటానికి వస్తానని మా పద్ధతి ప్రకారం ముందే కబురు పంపాను. వెళ్లేసరికి రెండు కుర్చీలు, తళతళలాడే స్టీలు పళ్లాలు, కోడికూర. వద్దన్నా వినలేదు. నేనూ రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను. తిరుగు ఆటోలో ఫారం నింపుతూ, ఆహారం అన్న గడిలో 'మాంసాహారం, లోటు లేదు' అని రాసి పూర్తి మార్కులు వేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

రెండు నెలల తర్వాత ఇంకో పని మీద అదే గల్లీకి వెళితే రహీమా ఇంటి ఓనరు యాదమ్మ ఆపింది.

"ఏం మేడం, గా పిల్లకు బియ్యం బంద్ చేసిన్రంట? ఆ దినం మీరొస్తున్నరని కుర్చీలు, ప్లేట్లు మా ఇంట్లకెల్లి తీస్కపోయింది. కోడి గూడ నేనే ఇచ్చిన. సుట్టమొస్తే మనమట్ల చెయ్యమా? గది జూసి ఉన్నోళ్లని రాస్కున్నరా?"

ఫాల్స్ కూలి చాలక రహీమా తెల్లవారుతూనే హయత్‌నగర్‌లో కూరగాయలు ఏరే పనికి పోతోందట. చెల్లెలిని చూసుకోవడానికి పెద్దపిల్ల బడి మానేసింది. గడపలో కూర్చుని చెల్లెలికి గంజి తాగిస్తూ, నన్ను చూసి నవ్వి సలాం చేసింది. సిగ్గుతో తల వంచుకుని వచ్చేశాను.

మూసిన ఫైలు తెరవడానికి ఒక్కటే దారి ఉంది. మొదటి నివేదిక తప్పని, రాసిన అధికారే రాసివ్వాలి. నా పదవీ విరమణకు ఎనిమిది నెలలున్నాయి. సర్వీసు మొత్తంలో నా మీద ఒక్క రిమార్కు లేదు. "పరిస్థితులు మారినవి, పునఃపరిశీలించగలరు" అని రాసి పంపాను. నిబంధనల్లో అది కారణంగా చెల్లదని నాకు తెలుసు. వారంలో తిప్పి పంపారు.

పైవాళ్లు ఒప్పుకోలేదని యాదమ్మకు చెప్పాను.

"పోనీ తియ్యి మేడం, మీరు చెయ్యాల్సింది మీరు చేసిన్రు" అంది.

ముందుగా చెప్పకుండా వెళ్లి ఇల్లు చూడాలని తర్వాత చేరినవారికి నేర్పేదాన్ని. నేను నేర్చుకున్నది వేరే ఉంది. కూర చూసి మోసపోయానంటే ఎవరైనా క్షమిస్తారు. తెలిసిన తర్వాత కూడా నా రికార్డు కోసం ఒక పిల్ల బడిని వదిలేశాను. ఏ రిమార్కూ లేకుండానే రిటైరయ్యాను. తప్పు నాదని ఒక్క లైను రాయలేని మనిషికి ఇంకొకరి బతుకు గురించి నివేదిక రాసే అర్హత లేదు.