గొడుగు కూర్చున్న మీటింగు గది

“ఈ గదేమన్నా మీ బాబు సొత్తా?” అని బీమా కంపెనీ మేనేజరు ఆమెను అడిగాడు, తన క్లయింట్లందరి ముందూ.

కాదు. ఆమె బాబు పాల వ్యాను నడిపాడు; మీటింగు గది మొహం ఎరగడు. గది భవనం ఓనరుది. ఆ భవనంలో చిన్నాపెద్దా కంపెనీలు అద్దెకున్నాయి, అందరికీ కలిపి మీటింగు గది ఒక్కటే, దానికి గంటకింతని అద్దె. బుకింగులు చూసేది రిసెప్షన్‌లో కూర్చునే ఈమే. బుక్ చేసుకున్నవాళ్ళు పది నిమిషాల్లో రాకపోతే గది అడిగినవాళ్ళకి ఇచ్చేయాలన్నది రూలు. ఆ రూలు పెట్టిన ఓనరు దాన్ని మరిచిపోయాడు, ఆమె మరవలేదు. అందుకే లిఫ్టులో ఆమె పేరు ‘పది నిమిషాలావిడ’.

ఇదేదో న్యాయపోరాటమనుకుని దండలు పట్టుకురానక్కర్లేదు. వాడేవాళ్ళు లేకుండా ఊరికే పడున్న గదిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది, అంతే. అత్తారింట్లో అందరికీ ఒకటే స్నానాలగది. కాపురానికొచ్చిన కొత్తలో మరిది తెల్లారగానే దాని తలుపుకి తువ్వాలు తగిలించి, వంతు తనదేనని చెప్పి, మళ్ళీ ముసుగుతన్ని పడుకునేవాడు. అత్తగారితో సహా ఇల్లంతా ఆ తువ్వాలుకి మర్యాద ఇచ్చి బయటే నిలబడేది. వారం ఓపికపట్టి, ఈమె ఆ తువ్వాలు తెచ్చి మరిది మొహాన కప్పి స్నానానికి వెళ్ళింది.

మేనేజరుగారి పద్ధతీ అలాంటిదే. పొద్దున్నే తన గొడుగు తెచ్చి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి పైకి వెళ్ళిపోయేవాడు. ఆయన తీరిగ్గా దిగేదాకా మీటింగు గొడుగే నడిపేది. భవనం అద్దెలో సగం ఆ కంపెనీదే కాబట్టి ఎవరూ నోరెత్తలేదు; ఆమె కూడా కొన్నాళ్ళు ఓపికపట్టింది.

ఆ రోజు ఇళ్ళ ప్లాన్లు గీసే అక్కాచెల్లెళ్ళిద్దరు తమ మొదటి క్లయింటుకి మెట్లమీద ప్లాను పరిచి చూపిస్తున్నారు. గడువు దాటగానే ఆమె గొడుగును తెచ్చి తన పక్కన పెట్టుకుని, వాళ్ళను గదిలోకి పంపింది. కాసేపటికి మేనేజరు దిగాడు. బాబు సొత్తు సంగతి అడిగింది అప్పుడే.

“గొడుగుగారు టైముకే వచ్చారండీ,” అంది ఆమె. “మీరే రాలేదు.”

క్లయింట్లలో ఒకాయన నవ్వాడు. కొంప ముంచింది ఆ నవ్వే. ఆమె ఉద్యోగం పర్మినెంటు చేసే కాయితం అప్పటికి ఓనరు బల్లమీదే ఉంది. వెళ్ళి క్షమాపణ చెప్పు, చెప్పకపోతే సంతకం లేదన్నాడాయన. రాత్రి అన్నం దగ్గర మొగుడు కూడా చెప్పేయమనే అన్నాడు, నోరేం అరిగిపోదుగా అని. మరిది తలెత్తకుండా తిన్నాడు.

మర్నాడు ఆమె బీమా కంపెనీకి వెళ్ళింది.

“నలుగుర్లో నవ్వులపాలు చేశాను, తప్పయిపోయిందండీ. గది ఇచ్చినందుకు మాత్రం కాదు.”

మేనేజరు కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పలేదు. “ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయేదమ్మా?”

ఆయన నంబరు ఎదురుగానే ఉంది; చేయాలని అనిపించలేదు, అంతే.

“అది నిజమేనండీ,” అంది. “ఇకనుంచి గడువుకి ముందే చేస్తాను.”

సగం క్షమాపణకి ఓనరు సగం వరమే ఇచ్చాడు: ఉద్యోగం ఖాయం, జీతం పాతదే. ఇప్పుడామె ఫోన్ చేస్తుంది, మేనేజరు గొణుక్కుంటూ దిగుతాడు, దిగలేని రోజు గది వదిలేస్తాడు. అంతకుముందు వాడకుండా ఆపి ఉంచిన గంటలకి బీమా కంపెనీ అద్దె ఇంకా కట్టలేదు.