గుంత దాటిన దెబ్బ

నా చిన్నప్పుడు నేను ఎవరిని ఎంత ప్రేమించానో సరిగ్గా గుర్తు లేదు గానీ, ఒకడిని ఎంత ద్వేషించానో మాత్రం ఇప్పటికీ గుర్తుంది. వాడు మా ఊరి అంగడాయన పెద్దకొడుకు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో బస్సు దిగి, నల్లరేగడి చేల మధ్యగా నడిచి పోవలసిన ఊరు మాది. ఊరంతటికీ ఒకటే అంగడి. కాబట్టి బెల్లంముక్క కోసం వాడి ముందు చేయి చాపని పిల్లవాడు మా వీధిలో లేడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. నాకంటే జానెడు పొడుగు.

మా ఊళ్ళో గోలీలాటలో ఓడినవాడు పిడికిలి బిగించి నేల మీద పెట్టాలి. గెలిచినవాడు గోలీతో ఆ మెటికల మీద ఒక్క దెబ్బ కొడతాడు. చురుక్కుమంటుంది, చేయి విదిలించుకుంటాం, మళ్ళీ ఆడతాం. ఒక దసరా సెలవుల్లో నేను వాడి చేతిలో ఓడాను. వాడు గాజుగోలీని జేబులో వేసుకుని, ఆదోనిలో ఏదో పత్తిమిల్లు నుంచి తెచ్చుకున్న ఇనుప బేరింగు గుండు బయటికి తీశాడు. అది న్యాయం కాదని నాకు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళకూ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

"ఏడువప్పా ఏడువు. మీయమ్మొచ్చి ఊదుతాది లే" అన్నాడు వాడు, కొట్టిన తర్వాత. అందరూ నవ్వారు. నేను ఏడ్చాను. దెబ్బ కంటే ఆ ఏడుపే నన్ను ఎక్కువగా కాల్చింది. చేయి వాచిపోయి, కొన్నాళ్ళు సంగటిముద్ద కూడా పట్టుకోలేకపోయాను. అమ్మ కలిపి నోట్లో పెడుతుంటే, వాకిలి ముందు నుంచి పోయే పిల్లలు "పాపకు పాలు పట్టినావా అత్తా?" అని అడిగి మరీ పోయేవారు.

ఆ రోజు నుంచి నా కళ్ళకు వాడి ముఖం ఆనలేదు, మెటికలే కనబడేవి. బడిలో వాడు పుస్తకం పట్టుకున్నా, అంగడిలో చింతపండు పొట్లం కట్టినా నేను ఆ ఎముకలనే చూసేవాణ్ణి. వాటి మీద ఇనుప గుండు పడితే ఎట్లాంటి చప్పుడు వస్తుందో మనసులో వినేవాణ్ణి. అన్నం తింటూ, నడుస్తూ, స్నానం చేస్తూ విన్నాను. ఆ చప్పుడు నాకు ఎంత తియ్యగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

జొన్నకోతల వేళకు మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బెంగళూరు నుంచి వచ్చేశాడు. అక్కడ గోల్ఫ్ ఆడే మైదానంలో గడ్డి కత్తిరించే పని చేసేవాడు. ఎందుకు వచ్చేశాడో ఎవరికీ చెప్పలేదు. ఒక రేకుపెట్టె, చివర చిన్న ఇనుప దిమ్మ ఉన్న సన్నటి కర్ర, గుడ్డసంచిలో కొన్ని తెల్లటి బంతులు తెచ్చుకున్నాడు. మా అవ్వ ఆ కర్రను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమిరా ఇది? కర్ర సూస్తే గొడ్లు తోలేకి రాదు, బంతి సూస్తే కోడిగుడ్డు మాదిరి ఉండాది. ఇన్నేండ్లు ఆడ సంపాదించింది ఇదేనా?" అంది.

మా ఇంటి వెనక జొన్నలు నూర్చే కళ్ళం ఉండేది. పేడతో అలికి అలికి అవ్వ దాన్ని అద్దంలా చేసింది. మామ దాని ఒక అంచున చెంబు పట్టేంత గుంత తవ్వాడు. గుంతకు అవతల, జానెడు దూరంలో, సున్నంతో ఒక వంపుగీత గీశాడు. ఇవతలి అంచున నిలబడి ఆ కర్రతో బంతిని మెల్లగా తోశాడు. అది దొర్లుకుంటూ పోయి, గుంత పెదవి మీద ఒక్క క్షణం ఆలోచించి, లోపల పడింది. మా ఊరి పిల్లలకు ఆ ఏడాది గోలీల మీద మోజు అక్కడితో పోయింది.

రోజూ సాయంత్రం బడి వదలగానే అందరూ మా కళ్ళం మీదే. గుంతలో పడితే గెలుపు. పడకపోతే గుంతకూ గీతకూ మధ్య ఆగాలి. గుంత చేరకపోయినా, గీత దాటినా బంతి పోయినట్టే. సూటిగా కొట్టడం అందరికీ వచ్చింది. ఎంత కొట్టాలో మాత్రం ఎవరికీ రాలేదు. ఒకడి బంతి సగంలోనే నిద్రపోయేది, ఇంకొకడిది గీత దాటి గడ్డివాములో దూరేది. ఉన్నవాళ్ళలో అంగడాయన కొడుకే మేలు.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మామను పట్టుకున్నాను. "నాకు నేర్పు మామా. వాణ్ణి ఓడించల్ల. ఓడించి వాని మెటికలు పగలగొట్టల్ల" అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన నా చేయి తీసుకుని, ఇంకా కొంచెం ఎత్తుగా ఉన్న మెటికను బొటనవేలితో తడిమి చూశాడు. "సరే అల్లుడా. పొద్దున్నే రా" అన్నాడు.

పొద్దున్నే అవ్వ కళ్ళం మీద కళ్ళాపి చల్లి పోయేది. ఆ తడి నేల మీద మామ నాకు నేర్పడం మొదలుపెట్టాడు. మొదట గుంతను ఆకు వేసి మూసేశాడు. తన చెప్పు విడిచి ఒకచోట పెట్టి, బంతి దాని పక్కన ఆగాలన్నాడు. మరుసటి సారి చెప్పు ఇంకొంచెం దూరం జరిగేది, ఆ తర్వాత మళ్ళీ సగం దూరానికి వచ్చేది. పెరట్లో అవ్వా పక్కింటి అక్కా ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో జొన్నలు దంచుతుండేవారు. ఒక రోకలి లేస్తుంటే ఇంకొకటి పడేది. "ఆ తాళం విను" అనేవాడు మామ. "దగ్గరికి కొట్టినా దూరం కొట్టినా తాళం మారకూడదు. కర్ర ఎంత ఎనక్కి పోతే బంతి అంత ముందుకు పోతాది. కొట్టేటప్పుడు బలం పెట్టబాకు. ఎనక్కి తీసినప్పుడే అంతా అయిపోయింటాది."

ఇంకొకటి కూడా నేర్పాడు. బంతిని కొట్టగానే కళ్ళు మూసుకోవాలి. అది ఎక్కడ ఆగిందో నోటితో చెప్పి, ఆ తర్వాతే కళ్ళు తెరవాలి. మొదట్లో నేను చెప్పిందొకటి, బంతి ఉన్నదొకచోట. "చేరలేదు" అని కళ్ళు తెరిస్తే బంతి గీత అవతల వెక్కిరిస్తూ కనబడేది. పోనుపోను చేతికి ఏదో తెలియసాగింది. దిమ్మ బంతిని తాకిన క్షణంలోనే, అది ఇంకా దొర్లుతుండగానే, దాటిందో చేరలేదో చెప్పగలిగేవాణ్ణి. మామ వీపు తట్టేవాడు. నేను మాత్రం ఆ సంతోషాన్ని కూడా కక్ష ఖాతాలోనే వేసుకున్నాను.

ఒక చిక్కు మిగిలింది. నాకు అలవాటైనది పొద్దుటి తడి నేల. సాయంత్రానికి ఎండకు ఆ నేలే రాయిలా గట్టిపడి బంతి పరుగెత్తేది. సాయంత్రపు నేల వాడిది. ఆడే ముందు అరికాలితో నేలను తొక్కి చూసుకోమని, నేలను బట్టి కర్రను వెనక్కి తీయమని మామ చెప్పాడు. అది నేర్చుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టేది. నాకు ఓపిక లేదు. ఆదివారం సాయంత్రానికి వాడితో పందెం వేసుకున్నాను. ఓడినవాడు పిడికిలి పెట్టాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరూ చూడకుండా కళ్ళం మీద, గుంత ఉన్న వైపున, గుప్పెడు జొన్నలు చల్లాను. ఊరి కోళ్ళన్నీ వచ్చి కాళ్ళతో నేలను గీకి గీకి పాడుచేశాయి. అవ్వ కోళ్ళనూ, కోళ్ళు పెంచేవాళ్ళనూ, వాళ్ళ పెద్దలనూ తిట్టుకుంటూ పేడ కలిపి ఆ సగాన్ని మళ్ళీ అలికింది. నేను నీళ్ళు మోసి సాయం కూడా చేశాను. "నా బంగారు కొండ" అని అవ్వ నా తల నిమిరింది.

సాయంత్రం వాడు తన బలగంతో వచ్చాడు. చెరి మూడు బంతులు. వాడి మొదటి బంతి అలికిన చోటికి రాగానే ఎద్దు మొరాయించినట్టు నిలిచిపోయింది. రెండోది ఇంకొంచెం పోయి ఆగింది. వాడికి కోపం వచ్చి మూడోదాన్ని గట్టిగా బాదాడు. అది గీత దాటి గడ్డివాములో పడింది. నా మొదటి బంతి గుంతకూ గీతకూ మధ్య ఆగింది. రెండోది గుంతలో పడింది.

"నేల పచ్చిగుండాదిరా" అన్నాడు వాడు.

"ఓడినోళ్ళకంతా నేల పచ్చిగానే ఉంటాది లేప్పా!" అని వాడి బలగంలోవాళ్ళే నవ్వారు. ఆ రోజు వాళ్ళు నా పక్కకు తిరిగారు. మామ కళ్ళం మీదికి వచ్చి, అలికిన చోటును అరికాలితో ఒకసారి తొక్కి, నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

వాడు తగువు పెట్టుకోలేదు. "ఆట ఆటే. కొట్టు" అని మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలి నేల మీద పెట్టాడు. "నీ గుండు ఇయ్యి" అన్నాను. జేబులోంచి బేరింగు గుండు తీసి వాడే నా చేతిలో పెట్టాడు. అది వాడి ఒంటి వేడితో వెచ్చగా ఉంది. "అల్లుడా," అన్నాడు మామ వెనక నుంచి, "నీకెంత తగిలిందో అంతే."

నేను చేయి ఎత్తాను. దసరా నుంచి అప్పటిదాకా ఎన్ని రోజులు గడిచాయో అన్ని రోజులూ ఆ చేయి వెనక్కి పోతూనే ఉందని నాకప్పుడు తెలియదు. ఎందుకో అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. గుండు ఎముకను తాకింది. అన్ని నెలలుగా నేను విన్న చప్పుడు అది కాదు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. కళ్ళు తెరవకముందే నా చేతికి తెలిసిపోయింది. దాటింది.

వాడు ఏడవలేదు. పిడికిలిని ఇంకో చేత్తో పొదివి పట్టుకుని, తెల్లబడిన ముఖంతో నన్ను చూశాడు. "సరిపోయిందా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

ఆ మాట కూడా గీత దాటిందే. కానీ ఆ క్షణంలో అది నిజం. వాడు ఏడవనందుకు నాకు ఇంకా కోపంగా ఉంది.

కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున కళ్ళం మీద బంతి దెబ్బ వినబడి లేచాను. కుడిచేతికి గుడ్డకట్టుతో అంగడాయన కొడుకు నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో కర్ర పట్టడం మామ వాడికి నేర్పుతున్నాడు. వాడు పోయాక మామ మీదికి ఎగిరాను. "వాడు నన్ను కొట్టినోడు కదా మామా! నువ్వు నా పక్కనా, వాని పక్కనా?"

ఆయన కళ్ళం గట్టు మీద కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు. "బెంగళూరులో పని ఎందుకు వదిలినానో అవ్వకు కూడా సెప్పలేదు" అన్నాడు. "ఆడ ఒకాయన నన్ను నలుగురి ముందర నోటికొచ్చినట్టు తిట్నాడు. మాటకు మాట అనింటే సరిపోయేది. నేను ఈ కర్ర తీసుకోని ఆయన కారు అద్దం పగలగొట్నా. బంతిని యాడంటే ఆడ ఆపుతా గానీ, నన్ను నేను ఆపుకోలేకపోతి. నీకన్నా వస్తాదేమోనని నేర్పినా." "కోళ్ళకు జొన్నలేసింది నువ్వేనని వానికి సెప్పలేదు లే" అన్నాడు. అంతకంటే పెద్ద దెబ్బ నన్ను ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు.

ఆ రోజే బుద్ధి వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. పంతులుగా పనిచేసినన్నాళ్ళూ తోటి ఉపాధ్యాయుల మీద కక్షలు పెంచుకున్నాను. మా తమ్ముడు ఒక మాట అన్నందుకు, వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా చూడ్డానికి పోలేదు. ప్రతిసారీ చేతికి తెలిసేది దాటిందని. ప్రతిసారీ దెబ్బ పడ్డాకే తెలిసేది.

అంగడాయన కొడుకు ఇప్పుడు ఎమ్మిగనూరులో బట్టల అంగడి పెట్టుకున్నాడు. కుడిచేతి నడిమి మెటిక కొంచెం వంకరగా ఉంటుంది. బట్ట కొలిచేటప్పుడు కనబడుతుంది. నేను అంగడిలోకి అడుగు పెట్టగానే ఆ చేయి పైకెత్తి చూపించి, "ఏమప్పా, సరిపోయిందా?" అని నవ్వుతాడు. ఇన్నేళ్ళూ నేనూ నవ్వి తప్పించుకున్నాను. మొన్న పోయినప్పుడు మాత్రం, కోళ్ళ సంగతి కూడా చెప్పి, "దాటిపోయిందప్పా" అన్నాను. వాడు కొలబద్ద కింద పెట్టాడు. "కోళ్ళ కత నాకు ఆ పొద్దే తెలుసు. జొన్నగింజలు పేడలో కనపడ్తానే ఉండె" అన్నాడు. మళ్ళీ కొలబద్ద తీసుకుని, "కొట్టించుకోవాల్సిందే లే. ఇనప గుండు తీసింది ముందర నేనే కదా" అంటూ బట్ట కత్తిరించాడు.

మామ కర్ర ఇప్పుడు ఆదోనిలో మా ఇంట్లో ఉంది. ఎవరి మీదైనా ఒళ్ళు మండినప్పుడు మిద్దె ఎక్కి, బంతిని ఒక చెప్పు దగ్గరికి తోస్తాను. కళ్ళు మూసుకుని చెప్పగలను, దాటిందో చేరలేదో. ఈ వయసులో కూడా చేయి తప్పు చెప్పదు. నాకు ఇంకా రానిది ఒక్కటే. కర్ర వెనక్కి పోతున్నప్పుడే, అది ఇంకా ఎవరినీ తాకకముందే, ఇక చాలని ఆపడం. నిన్న సాయంత్రం కర్ర సగం దూరం వెనక్కి తీసి అక్కడే ఆపాను. బంతి కదలలేదు. కర్ర గోడకు ఆనించి కిందికి దిగి, తమ్ముడి ఇంటికి పోవడానికి చెప్పులు వేసుకున్నాను.